డొక్కు కారు కథల్లో సగమే వింటున్నాం

ఈ ఏడాది అమెరికాలోని మన సంఘం వార్షికోత్సవంలో పాత కార్ల ముచ్చట్లకు పెట్టిన గంటసేపూ హాలు నిండుగా ఉంది. రంగు వెలిసిన బండ్ల పక్కన బక్కగా నిలబడ్డ కుర్రవాళ్ల ఫొటోలు తెర మీద ఒక్కొక్కటే వస్తుంటే, ఇప్పుడు పెద్దమనుషులైన ఆ కుర్రవాళ్లే వేదిక ఎక్కి, తమ బండి ఎక్కడెక్కడ మొరాయించిందో, దాన్ని ఎవరెవరు తోశారో చెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించారు. నేనూ మనసారా నవ్వాను. చివరగా మైకు అందుకున్న ఒక పెద్దావిడ, చలికాలం రాత్రి హైవే పక్కన ఆగిపోయిన కారులో నెలల పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సంగతి మొదలుపెట్టారు. ఆవిడ గొంతు కాస్త వణకగానే వ్యాఖ్యాత దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఏదైనా సరదా సంగతి చెప్పండి" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మైకు అతని చేతికే ఇచ్చి, మెట్లు దిగి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ వెంటనే పిల్లల నృత్యం మొదలైంది.

ఆ అబ్బాయిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సమయం మించిపోతోందని వెనక నుంచి ఎవరో సైగ చేసి ఉండవచ్చు. నన్ను కలచివేసింది, అతని మాట హాలులో ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించకపోవడం. పాత కారు ఆగిపోవడమంటే నవ్వుకోవలసిన సంగతేనని మనమంతా ఎప్పుడో ఒప్పేసుకున్నాం. ఆ ఒప్పుకోలు వల్ల ఆవిడ మనసు నొచ్చుకోవడమే కాదు, ఏటా ఇక్కడికి కొత్తగా వస్తున్న విద్యార్థులకు కీడు కూడా జరుగుతోంది. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మొండికేసే బండి మీద మమకారం పెంచుకోవడం మన ఒక్కరి బలహీనత కాదు. ఈ దేశంలో షెవ్రొలే వేగా అనే కారు 1971లో మోటర్ ట్రెండ్ పత్రిక నుంచి ఆ ఏటి మేటి కారుగా బిరుదు అందుకుంది. దాని ఇంజను దిమ్మను అల్యూమినియంతో పోతపోసి, సిలిండర్లకు ఇనుప తొడుగులు లేకుండా చేయడంతో, కాస్త ఎక్కువగా వేడెక్కితే చాలు లోపలి గోడలు గీసుకుపోయి నూనె తాగడం మొదలుపెట్టేది, పైగా తుప్పు. అయినా ఈ రోజుకీ దాన్ని వెతికి కొనుక్కుని ముద్దుగా చూసుకునేవారు ఉన్నారు. 1985లో యుగొస్లావియా నుంచి 3,990 డాలర్ల ధరతో ఇక్కడి మార్కెట్లోకి వచ్చిన యూగో పేరు చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. ఆ కారులో ఇంజను లోపలి భాగాలను లయ తప్పకుండా కదిలించే టైమింగ్ బెల్టును వేళకు మార్చకపోతే అది తెగి, పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగిలి, ఇంజను పాడైపోయేది. డబ్బు లేక అంత చవక కారు కొన్నవాడికి ఆ బెల్టు మార్పించడం కూడా భారమేనన్నది ఆ హాస్యాల్లో వినిపించని సంగతి.

మన తరానికి ఈ ఓర్పు ఇంకా ముందే అలవడింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర మొదలై 2014 వరకూ తయారైన అంబాసిడర్, ఫియట్ 1100 నుంచి పుట్టిన ప్రీమియర్ పద్మిని, ఈ రెండింటి చుట్టూ మన చిన్నతనం గడిచింది. ఎండాకాలంలో గొట్టంలోని పెట్రోలు వేడికి ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేక బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. అప్పుడు పెద్దవాళ్లు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన కూర్చుని అది చల్లారేదాకా లోకాభిరామాయణం మాట్లాడుకునేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా కొనేవాడికి వేరే దారి దాదాపు లేదు. ఉన్నదాని కోసమే ఏళ్ల తరబడి వరసలో వేచి ఉండాలి. దారి లేనప్పుడు ఓర్పు ఒక్కటే మిగులుతుంది, దాన్నే మనం గొప్ప గుణంగా చూసుకున్నాం. అది గొప్ప గుణమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ ఓర్పుకు అక్కడ ఆసరా ఉండేది. బండి ఆగిన చోట తోయడానికి నలుగురు చేరేవారు, పక్క సందులోనే రెంచీ పట్టుకున్న మెకానిక్కు దొరికేవాడు, ఎవరో ఒకరు లోపల కూర్చున్న ఆడవాళ్లకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవారు. మనం ఆ ఓర్పును మాత్రం వెంట తెచ్చుకున్నాం. ఆసరా అక్కడే ఉండిపోయింది.

మా ఇంటి కథ చెబుతాను. 1980ల చివర మావారు చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరు వదిలి వెళ్తున్న ఒక సీనియరు దగ్గర నాలుగు తలుపుల పాత కారు కొన్నారు. తాళాలు ఇస్తూ ఆయన, "బండి బంగారం, కొంచెం వేడెక్కుతుందంతే" అన్నారు. నిజంగానే అది బంగారమని నాకు అనిపించేది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ బండిలోనే. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ దించి నూనె ఎంతుందో చూడడం ఆ బండి దగ్గరే నేర్చుకున్నాను. పొద్దున తాళం తిప్పగానే అది కీచుమని ఒక అరుపు అరిచి, తర్వాత సర్దుకునేది. మా చుట్టుపక్కల వాటాల్లో అందరికీ ఆ అరుపు తెలుసు. అది వినబడితే మేము బయలుదేరుతున్నామని లెక్క. వేసవిలో వేడి ముల్లు ఎర్రగీత వైపు పాకగానే హీటరు పూర్తిగా తిప్పేవాళ్లం. ఇంజను వేడి కొంత కారు లోపలికి వచ్చేసి ముల్లు మెల్లగా దిగేది. కిటికీలు నాలుగూ దించుకుని, చెమటలు కక్కుతూ, టేపులో పాటలు పెట్టుకుని వెళ్లిన ఆ ప్రయాణాలు నా జీవితంలో మంచి రోజులు. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

అదే బండి, తర్వాతి చలికాలంలో ఒక రాత్రి, మంచు పడుతుండగా మమ్మల్ని హైవే మీద వదిలేసింది. నాకప్పుడు ఏడో నెల. మొదట టేపులోని పాట సాగడం మొదలైంది. కాసేపటికి వైపర్లు అద్దం మీద బరువుగా, ఆగి ఆగి కదిలాయి. తర్వాత ముందు దీపాల వెలుగు పసుపు రంగుకు మారి, రోడ్డు మీది గీత కనబడడం మానేసింది. ఇంజను రెండు సార్లు దగ్గినట్టై ఆగిపోయే లోపల మావారు ఎలాగో బండిని పక్కకు తీయగలిగారు. సెల్‌ఫోన్లు లేని రోజులు. ఫోను వెతుక్కుంటూ ఆయన మామూలు బూట్లతో మంచులో నడుచుకుంటూ వెళ్లారు. ఆ నడక కథ మీలో చాలామంది ఆయన నోట విన్నారు. జారిపడడం, మూసేసిన పెట్రోలు బంకు, కుక్క తరమడం అన్నీ జరిగినవే, నవ్వు తెప్పించేవే.

కారులో నేను ఉన్నాను. ఇంజను లేదు కనుక వేడి లేదు. ప్రమాద సూచికగా మిణుకుమనే దీపాలను వెలిగించి ఉంచితే బ్యాటరీలో మిగిలిన కాస్త ప్రాణమూ పోతుంది, ఆర్పేస్తే వెనక వచ్చే ట్రక్కుకు మా బండి కనబడదు. అందుకని అద్దంలో దూరంగా వెలుగు కనబడగానే ఆ మీట నొక్కేదాన్ని. ట్రక్కు దాటిపోగానే ఆపేదాన్ని. ఒక్కో ట్రక్కు వెళ్లినప్పుడు గాలికి కారు మొత్తం ఊగేది. మీట నొక్కిన ప్రతిసారీ టిక్కుమనే ఆ శబ్దం మధ్య ఎడం పెరుగుతూ ఉండడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఉండగానే పోలీసు టార్చి వెలుగు కిటికీ మీద పడింది. మేము క్షేమంగా ఇంటికి చేరాం, మా అమ్మాయి క్షేమంగా పుట్టింది. ఆ గంటల గురించి మాత్రం ఏ విందులోనూ ఎవరూ నన్ను అడగలేదు.

మర్నాడు మెకానిక్కు బెల్టు ఒకటి విప్పి మా ముందు పెట్టాడు. లోపలివైపంతా పగుళ్లు, అంచులు అరిగి గాజులా మెరుస్తున్నాయి. మా కారులో నీటి పంపునూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్నూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అది జారుతోంది కనుకే పొద్దున ఆ కీచు అరుపు. పంపు సరిగా తిరగక వేసవిలో ఆ వేడి. చలికాలం రాత్రి దీపాలు, వైపర్లు, హీటరు ఫ్యాను అన్నీ ఒక్కసారి కరెంటు లాగేసరికి, ఆల్టర్నేటరు అందించలేక బ్యాటరీ ఖాళీ అయిపోయింది. మేము ముద్దుగా చెప్పుకున్న బండి అలవాట్లన్నీ ఒకే జబ్బు లక్షణాలు. బెల్టు చాలా చవకైన వస్తువు. మార్చడానికి అరగంట కూడా పట్టలేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ బెల్టులో ఉంది. బండి మీద ప్రేమ తప్పు కాదు. కానీ లోపానికి ముద్దుపేరు పెట్టిన తర్వాత దాన్ని లోపంగా చూడడం ఎవరికైనా కష్టం. అమ్మిన సీనియరు అబద్ధం చెప్పలేదు, ఆయనకు అది నిజంగానే చిన్న సంగతిగా కనబడి ఉంటుంది, ఎందుకంటే ఆయనకు అమ్మినవారూ అలాగే చెప్పి ఉంటారు. మన వాళ్ల మధ్య కార్లు చేతులు మారే పద్ధతి ఇప్పటికీ ఇదే. వెళ్లిపోయే విద్యార్థి కొత్తగా దిగిన విద్యార్థికి నమ్మకం మీద అమ్ముతాడు. ఈ నమ్మకం చాలా మంచిది, ఇది లేకపోతే మనలో సగం మంది ఇక్కడ నిలదొక్కుకునేవాళ్లం కాదు. అయితే చట్టం ఇచ్చే కొద్దిపాటి రక్షణ కూడా ఈ పద్ధతిలో ఉండదని కుర్రవాళ్లకు చెప్పేవారు లేరు. 1985 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, పాత కార్లు అమ్మే డీలరు ప్రతి కారు మీదా కనబడేలా ఒక కాగితం పెట్టాలి. వారంటీ ఉందో, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారో అందులో రాయాలి. మీ మెకానిక్కుతో చూపించుకోవచ్చా అని డీలరును అడగమని కూడా ఆ కాగితమే చెబుతుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగే అమ్మకానికి ఈ నిబంధన వర్తించదు.

మేము పడ్డాం, మీరూ పడండి అని మనలో ఎవరూ నోరు తెరిచి అనరు. కానీ మన కథలు ఆ మాటే అంటున్నాయి. బండి వేడెక్కుతోందని ఒక విద్యార్థి ఫోను చేస్తే, హీటరు తిప్పమని నవ్వుతూ చిట్కా చెబుతున్నాం. ఆ చిట్కా దగ్గరలోని ఎగ్జిట్ దాకా చేరడానికి పనికొస్తుంది గానీ, సెమిస్టరు గడపడానికి కాదు. వేడి మీద ఉన్న రేడియేటరు మూత తిప్పితే, లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయన్న సంగతి మాత్రం ఆ నవ్వులో చెప్పడం మరచిపోతాం. ఆడపిల్లలు ఇప్పుడు ఎక్కువగా ఒంటరిగానే వచ్చి చదువుకుంటున్నారు. వాళ్లు రాత్రి పూట ప్రయోగశాలల నుంచి ఇలాంటి బండ్లలోనే ఇంటికి వెళ్తున్నారు.

మేము ఆ కారును ఎవరికీ అమ్మలేదు. అడిగినవారు ఉన్నారు, బెల్టు మార్చాక అది బాగానే నడిచింది కూడా. కానీ అడుగున తుప్పు తిన్న చోట చెయ్యి పెడితే రేకు ఊడి వస్తోంది. దాన్ని మరో కొత్త జంట చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. తుక్కుకు ఇచ్చేశాం. ట్రక్కు దాన్ని లాక్కెళ్తుంటే నేను ఏడ్చిన మాటా నిజమే.

అందుచేత కార్యవర్గానికి రెండు మనవులు. మొదటిది, ఈసారి సావనీరులో ఆ పెద్దావిడ కథను ఆవిడ చెప్పినంత మేరా, కత్తిరించకుండా వేయండి. ఆవిడకు రాయడం ఇష్టం లేకపోతే ఇంటికి వెళ్లి విని రాసుకొస్తాను. రెండోది ఇంకా తొందరైన పని. పాత కారు కొనబోయే విద్యార్థి వెంట వెళ్లి బండి చూసిపెట్టగల వారి పేర్లతో ఒక జాబితా తయారు చేద్దాం. మన సభ్యుల్లో ఇంజనీర్లకు కొదవ లేదు, సొంతంగా రిపేరు షెడ్లు నడుపుతున్నవారూ ఉన్నారు. వాళ్లు బెల్టులు, గొట్టాలు, బ్రేకులు, టైర్లు, అడుగు రేకు చూడాలి. కారుకుండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యను ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొడితే, రీకాల్ కింద, అంటే తయారీ లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు, చేయించుకోవలసిన మరమ్మతులు ఏమైనా మిగిలి ఉన్నాయేమో ఉచితంగా తెలిసిపోతుంది, అదీ చూడాలి. అమ్మే విద్యార్థి కూడా బండిలో తనకు తెలిసిన ప్రతి లోపాన్నీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలని మనం అలవాటు చేయాలి. అలా రాసి ఇస్తే స్నేహం చెడదు, ఇంకా గట్టిపడుతుంది.

ఆ జాబితాతో పాటే, అర్ధరాత్రి బండి ఆగిపోతే ఫోను ఎత్తి, ఎదురు ప్రశ్న వేయకుండా వెళ్లి తీసుకొచ్చేవారి పేర్లు కూడా ఉండాలి. ఆగస్టులో కొత్త పిల్లలు దిగకముందే ఇది సిద్ధం కావాలి కనుక, వచ్చే కార్యవర్గ సమావేశంలోనే ఈ అంశం చేర్చవలసిందిగా కోరుతున్నాను. బండి చూసిపెట్టే వారిలో మావారి పేరు, రాత్రి వేళ వచ్చేవారిలో నా పేరు ఇప్పుడే రాసుకోవచ్చు.