అంతా ప్రెషరే, మనసుదేం లేదు

అఫ్గాన్ ఇళ్లల్లో మానసిక ఆరోగ్యం గురించి ఓపెన్‌గా మాట్లాడుకోవాలి అని ఈమధ్య తెగ చెప్తున్నారు, నేనైతే దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నా. అసలు వాళ్లకి ఆ సమస్యే లేదండీ, ఉన్నదల్లా ప్రెషర్.

ఓయూలో చదివేటప్పుడు నా రూమ్మేట్ కాబూల్ వాడు. రోజూ రాత్రి వాళ్లమ్మ ఫోన్. ఎత్తగానే ఆవిడ చెతోర్ అస్తీ, ఖూబ్ అస్తీ, జానెత్ జోర్ అస్త్ అని మొదలెట్టేది, ఎలా ఉన్నావ్, బాగున్నావా, ఒంట్లో కులాసానా అని. వీడూ అవే ప్రశ్నలు తిప్పి అడిగేవాడు, ఇద్దరూ ఒకేసారి, ఒకరిది అవ్వకముందే ఇంకొకరిది. బాగోగులు ఇన్నిసార్లు అడిగే జనాన్ని నేనింకెక్కడా చూళ్లేదు. జవాబు చెప్పే పొరపాటు మాత్రం ఎవరూ చెయ్యరు.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది కదా, ఆ తర్వాత వీడు రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు, తెల్లారేదాకా హాస్టల్ డాబా మీద ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి కౌన్సెలర్‌ని కలువురా అన్నా. వాళ్ల తాతని తిట్టినట్టు చూశాడు. "నేనేమన్నా దివానానా? జిగర్‌ఖూన్, అంతే." జిగర్‌ఖూన్ అంటే కాలేయం రక్తమైపోవడం. మనకి గుండె చెరువవుతుంది, కడుపు తరుక్కుపోతుంది, వాళ్లకి లివర్. కాబట్టి సైకియాట్రిస్టుకి ఇక్కడ పనేం లేదు, ఇది గ్యాస్ట్రో కేసు.

ఇక ప్రెషర్‌కొస్తే, దాన్ని ఫిషార్ అంటారు, రెండే రకాలు. ఊరికే చిరాకు, అరుపులు, పిల్లల మీద చెయ్యెత్తడం, అది ఫిషారే బాలా, పైకి పోయిందన్నమాట. మూలన కూర్చుని దేని మీదా మనసు లేకపోతే ఫిషారే పాయీన్, కిందికి. ప్రపంచంలో డాక్టర్లంతా కలిసి ఇటుకంత పుస్తకాలు రాసుకున్న సంగతిని వీళ్లు రెండు దిక్కుల్లో తేల్చేశారు. (నాకు బీపీ తెప్పించకు అనే మనం నవ్వకూడదు.) 1978 నుంచి సైనిక తిరుగుబాటు, రష్యా వాళ్లు, ముజాహిదీన్ల కొట్లాట, తాలిబన్లు, అమెరికా, మళ్లీ తాలిబన్లు... ఇంత జరిగినా కదిలింది పాదరసం ఒక్కటే.

వైద్యం కూడా ఇంట్లోనే. స్పంద్ గింజలు నిప్పుల మీద వేసి పొగ పట్టడం, ముల్లా దగ్గర తావీజు. మరీ ముదిరితే జలాలాబాద్ దగ్గర మియా అలీ బాబా దర్గా, 40 రోజులు గొలుసు, రొట్టె, మిరియాలు, నీళ్లు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, పేషెంట్ మధ్యలో మానేసే చాన్సూ లేదు. మన పక్కనే తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర 2001లో గొలుసుల్లోనే 28 మంది కాలిపోయారు కాబట్టి ఈ వైద్యంలో మనం వాళ్లకేం తీసిపోలేదు.

హాంబుర్గ్ వెళ్లిన వీడి మామయ్యది ఇంకో కష్టం. అక్కడ థెరపిస్టు ఉచితమే కానీ మధ్యలో వీళ్ల భాష దరీ తెలిసిన ఇంటర్‌ప్రెటర్ ఉండాలి, ఆయనేమో వీళ్లు వెళ్లే మసీదుకే వస్తాడు, వీళ్ల పెళ్లిళ్లలోనే పలావ్ తింటాడు. మామయ్య గంటసేపు వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాడంట. మర్దుమ్ చీ మేగోయంద్, అంటే నలుగురూ ఏమనుకుంటారు. ఈ ఒక్క ముక్కకి నాకు ఇంటర్‌ప్రెటర్ అవసరం పడలేదు.

వీడి చెల్లి ఆరో తరగతి పాసైంది, అక్కడితో తాలిబన్లు ఆడపిల్లలకి బడి గేటు మూశారు. అప్పట్నుంచి కర్టెన్ తియ్యదు, జడ వేసుకోదు. ఫిషారే పాయీన్ అని తేల్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే 110/70, నార్మల్ అన్నాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు, మెషీన్ పాడైపోయింది అంది. ఆ నెల నా రూమ్మేట్ మెస్ బిల్లు ఎగ్గొట్టి, అక్కడి చుట్టాలకి డబ్బులు చేర్చి కొత్త మెషీన్ కొనిపించాడు.

అదీ 110/70 అనే చూపించిందంట.