స్పీకర్ ముందుగా పార్టీ కండువా తీసి పక్కన పెట్టాలి

2018 మార్చి 12. తెలంగాణ ఉభయ సభల సభ్యుల ముందు గవర్నర్ ప్రసంగం చదువుతున్నారు. కాంగ్రెస్ సభ్యులు నినాదాలు చేస్తుండగా ఓ హెడ్‌ఫోన్ గాల్లోకి లేచి వచ్చి మండలి ఛైర్మన్ స్వామిగౌడ్ కంటికి తగిలింది. విసరడం తప్పే, ఇందులో రెండో మాట లేదు. కానీ మరునాడే ఇద్దరు కాంగ్రెస్ ఎమ్మెల్యేల సభ్యత్వాన్నే రద్దు చేశారు. సంజాయిషీ అడగలేదు, వాదన వినలేదు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

సభ వేడెక్కితే ఎదుటివాణ్ని బయటికి గెంటేయడం మన సభాపతులకు అలవాటైపోయింది. 2023 డిసెంబరులో పార్లమెంటు భద్రతా వైఫల్యంపై హోంమంత్రి సమాధానం చెప్పాలన్నందుకు ఉభయ సభల్లో 146 మంది ప్రతిపక్ష ఎంపీలపై వేటు వేశారు. ఆ జాబితాలో డీఎంకే ఎంపీ పార్తిబన్ పేరు కూడా ఎక్కింది. ఆయన ఆ రోజు సభలోనే లేరు! పొరపాటు తెలిశాక పేరు తీసేశారు. ముఖం కూడా చూడకుండా శిక్ష రాస్తే ఇలాగే ఉంటుంది. ఆ ఖాళీ బెంచీల ముందే మూడు కొత్త నేర చట్టాలు గట్టెక్కాయి.

నిబంధనలు లేక కాదు. గొడవ చేసిన సభ్యుణ్ని ఆ ఒక్క రోజుకు బయటికి పంపే అధికారం 373వ నిబంధన కింద లోక్‌సభ స్పీకర్‌కు ఎప్పటినుంచో ఉంది. బాలయోగి స్పీకర్‌గా ఉండగా 2001 డిసెంబరులో 374ఎ నిబంధన వచ్చింది. వెల్‌లోకి, అంటే స్పీకర్ పోడియం ముందున్న ఖాళీ స్థలంలోకి దూసుకొచ్చిన సభ్యుడి పేరు స్పీకర్ చదివితే చాలు, ఐదు రోజులో, సమావేశాల్లో మిగిలిన రోజులో, ఏది తక్కువైతే అంతకాలం సస్పెన్షన్. మహారాష్ట్రలో 12 మంది బీజేపీ ఎమ్మెల్యేలను ఏడాది పాటు దూరం పెడితే, సమావేశాలు ముగిశాక సస్పెన్షన్ చెల్లదని 2022 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

మరి పెప్పర్ స్ప్రే చల్లినవాళ్లను ఏం చేయాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో కళ్లు మండి, దగ్గుకుంటూ బయటికి పరుగెత్తిన సభ్యులను చూశాం. అలాంటివాళ్లను ఆ క్షణమే బయటికి పంపాలి. కానీ ఐదు రోజులకు ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు ఓటింగుకు వచ్చినప్పుడు ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. రెండు ప్రాంతాల జనం టీవీల ముందు కూర్చుని ఉన్నారు, తెర మీద ఏమీ లేదు. సాంకేతిక లోపమన్నారు. కావాలనే ఆపారన్న అనుమానం నేటికీ పోలేదు.

వేడి తగ్గించేది మైకు. మైకు దొరికినవాడికి పోడియం ఎక్కాల్సిన పని ఉండదు. ఆ మైకు ఎవరికివ్వాలో, ఎప్పుడు కట్ చేయాలో నిర్ణయించే మనిషి ఒక పార్టీ సభ్యుడిగానే ఆ కుర్చీలో కూర్చుంటే, ఎంత న్యాయంగా నడిపినా అవతలి బెంచీలు నమ్మవు. అసలు జబ్బు ఇక్కడుంది. పార్టీ ఫిరాయించారంటూ పది మంది ఎమ్మెల్యేలపై వేసిన అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న తెలంగాణ స్పీకర్‌కు సుప్రీంకోర్టు చెప్పాల్సి రావడమూ ఈ జబ్బు లక్షణమే.

మందు మన ఇంట్లోనే ఉంది. హిందూపురం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించారు. సొంత పార్టీ ప్రభుత్వం మీద! అప్పటికి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టమే లేదు. 1985లో ఆ చట్టం తెచ్చినప్పుడు రాజ్యాంగం పదో షెడ్యూల్ ఐదో పేరాలో స్పీకర్‌కు ప్రత్యేక మినహాయింపు రాశారు: ఎన్నిక కాగానే పార్టీని వదులుకున్నా సభ్యత్వం పోదు, పదవి దిగాక తిరిగి అదే పార్టీలో చేరవచ్చు. రాజ్యాంగం ఇంత దగ్గరుండి దారి వేసినా సంజీవరెడ్డి తర్వాత లోక్‌సభ స్పీకర్లెవరూ అటు నడవలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల స్పీకర్లు వచ్చే సమావేశాల గంట మోగేలోపు పార్టీ సభ్యత్వానికి రాజీనామా లేఖ రాయాలి. ఆ లేఖ సభలో చదివి వినిపించాక, ఎవరిని బయటికి పంపాలో మాట్లాడుకుందాం.