దుకాణం పోతే పోయింది, గజానికి రేటొచ్చింది కదా

భూసేకరణలో వ్యాపారులకి అన్యాయం జరుగుతోందని అందరూ గోల చేస్తున్నారు గానీ నాకైతే సర్కారు మరీ ఉదారంగా ఇచ్చేస్తోందేమో అని బెంగగా ఉంది. హైదరాబాద్ పాతబస్తీ మెట్రోనే చూడండి, ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు, దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్ మీదుగా రోడ్డు వెడల్పు చేయాలి, పోయే ఆస్తులకి గజానికి 81,000 అని రేటు కట్టారు. గజమంటే ఎంత, కుర్చీ వేసుకుని కాళ్లు చాపితే అయిపోయింది, దానికి 81 వేలు!

"జాగా సరే సార్, బేరం పోతుంది కదా" అంటారు. జాగా కొలవడానికి టేపుంది, గోడలకి విలువ కట్టడానికి ఇంజినీరున్నాడు, బేరాన్ని ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలవాలో మీరే చెప్పండి. తాతల నాటి నుంచి పెళ్లి బట్టలకి అక్కడికే వచ్చే కుటుంబాలూ, రంజాన్ నెలలో అర్ధరాత్రి దాటినా మెట్లు దిగని జనం, ఖాతా పుస్తకంలో పేర్లే తప్ప సంతకాల్లేని అరువులూ, ఇవన్నీ ఏ పంచనామాలో రాస్తారండీ?

అయినా 2013 భూసేకరణ చట్టం దయతలచింది, ఖాళీ చేయాల్సొచ్చిన చిన్న వ్యాపారికి ఒకేసారి గ్రాంటు, కనీసం 25,000. కొత్త చోట మడిగె అడ్వాన్సు సంగతి దేవుడెరుగు, బోర్డు రాయించి కొబ్బరికాయ కొట్టడానికైతే సరిపోద్ది. కిరాయికున్నోడికి కూడా ఛాన్సుంది, మూడేళ్లుగా అక్కడే బతుకుతున్నానని చూపిస్తే చాలు, కాకపోతే పగిడీ (ఓనర్‌కి ఒకేసారి ముట్టజెప్పే పెద్ద మొత్తం) ఇచ్చి నోటిమాట మీద షాపు తీసుకున్నోడికి కాగితం ఎక్కడిది అని అడక్కండి.

ఇక "మార్కెట్ రేటు ఇవ్వలేదు" అనేవాళ్లు. చట్టం ఏమంటోంది? రిజిస్ట్రేషన్ విలువో, చుట్టుపక్కల గత మూడేళ్ల సేల్ డీడ్లలో ఎక్కువ ధర పలికిన సగం డీడ్లు తీసుకుని వాటి సగటో, ఏది ఎక్కువైతే అది, దాని మీద మళ్లీ నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఓదార్పు సొమ్ము. ఆ డీడ్లు రాయించిందెవరు? మనమే కదా! స్టాంపు డ్యూటీ మిగుల్తుందని కోటి పెట్టి కొన్న షాపుని నలభై లక్షలకి రాయించి మిగతాది సంచిలో ఇచ్చుకున్నాం. బజారు బజారంతా కలిసి రాసుకున్న అబద్ధాన్ని సర్కారు అక్షరం పొల్లు పోకుండా నమ్మింది, జనం మాటకి ఇంత విలువిచ్చే సర్కారు ఇంకెక్కడ దొరుకుద్ది? (సొలేషియంతో కలిపి ఎనభై వచ్చినా ఏడుస్తారు, అది వేరే విషయం.)

అందరికంటే అదృష్టవంతుడు మాత్రం సగం షాపు పోయినోడే. పద్దెనిమిది అడుగుల లోతు షాపులో పన్నెండు రోడ్డుకి పోయి ఆరడుగులు మిగిలిందనుకోండి, కౌంటర్ పెడితే కస్టమర్ బయట నిలబడాలి, కస్టమర్‌ని లోపలికి పిలిస్తే ఓనర్ బయటికి రావాలి. అయితేనేం, రేపు మెట్రో వచ్చాక ఆ ఆరడుగులకి రేటు ఎక్కడికో పోతుందట, ప్రాపర్టీ టాక్స్ కూడా దానికి తగ్గట్టే వేస్తారు లెండి.