పల్లెలో బతుకు, పట్నంలో పోటు

డాక్టరు బీపీ చూసి కనుబొమ్మలు ఎగరేసిన సాయంత్రమే పట్నవాసికి పల్లె గుర్తొస్తుంది. "ఇదంతా వదిలేసి ఏదైనా పల్లెకి పోయి హాయిగా బతకాలి" అని గట్టి తీర్మానం చేసుకుంటాడు. లిఫ్టులో నిలబడి. మొదటి అంతస్తుకి వెళ్తూ.

ఈ తీర్మానాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. దీని వెనక శాస్త్రం ఉంది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల సిబ్బంది మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. అదే బస్సు, అదే పొగ, అదే ట్రాఫిక్. ఇద్దరూ పట్నంలోనే ఉన్నారన్న సంగతి దగ్గర మాత్రం మనవాడికి చెవులు వినబడవు. మెట్లెక్కడం కన్నా ఊరు మారడమే తేలిక కదా.

బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజల కథ అతనికి ఇంకా ఇష్టం. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం వాళ్లలో 85 శాతం మందికి గుండె రక్తనాళాల్లో, పూడికకు గుర్తయిన కాల్షియం జాడే లేదు. అక్కడి మగవాళ్లు రోజుకి ఆరేడు గంటలు ఒళ్లు వంచి పనిచేస్తారు. మనవాడికి ఆ రక్తనాళాలు కావాలి, ఆ ఆరేడు గంటలు వద్దు.

ఇంతలో పల్లె ఏమైనా ఖాళీగా కూర్చుందా? నిజం చెప్పాలంటే, కూర్చుంది. 1985 నుంచి 2017 వరకు ప్రపంచమంతా సగటు బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) ఎంత పెరిగిందో లెక్కగట్టి 2019లో నేచర్ పత్రికలో వేశారు. ఆ పెరుగుదలలో 55 శాతానికి పైగా పల్లెల ఖాతాలోదే. పల్లెల్లో 2.1 పాయింట్లు పెరిగితే, పట్నాల్లో ఆడవాళ్లకు 1.3, మగవాళ్లకు 1.6. తప్పెవరిది? చాకిరీ యంత్రాల చేతికి వెళ్లింది, నడక బండెక్కింది, ప్యాకెట్ తిండి గుమ్మం దాకా వచ్చింది. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజును తనంతట తాను లాక్కుంటుంది, ఇన్సులిన్‌ చేత పెద్దగా బతిమాలించుకోదు. అదే కండరం సెలవు పెడితే చక్కెర రక్తంలోనే తచ్చాడుతుంది, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ ఓవర్‌టైమ్ చేస్తుంది. కొన్నేళ్లకు అదీ చేతులెత్తేస్తుంది.

స్వచ్ఛమైన గాలి మాటేమిటంటారా? అది ఇంటి బయట. లోపల కట్టెలపొయ్యి మండుతుంటే ఆ పొగలోని సన్నటి రేణువులు గుండెకు పట్నం పొగ చేసే పనే చేస్తాయి.

ఇక అసలు విషయం. 17 దేశాల్లో లక్షన్నర మందికి పైగా జనాన్ని గమనించిన ప్యూర్ అధ్యయనం 2014లో వింత సంగతి బయటపెట్టింది. గుండెకు ముప్పు తెచ్చే లక్షణాలు పట్నవాసుల్లోనే ఎక్కువ. కానీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువగా వచ్చింది పల్లెల్లో. అవి వచ్చినవాళ్లలో ప్రాణం పోయినవారు పల్లెల్లో నూటికి 17 మంది, పట్నాల్లో 13, 14 మంది. జబ్బుకి కావలసిన సరంజామా అంతా పట్నం సమకూర్చుకుంటే, అంత్యక్రియలు పల్లె చూసుకుంటోందన్నమాట. మందులూ ఆస్పత్రులూ ఎక్కడున్నాయో చూస్తే ఇందులో వింతేమీ లేదు.

కాబట్టి నా పథకం ఇది: బతకడం పల్లెలో, గుండెపోటు పట్నంలో. ఈసీజీలో పెద్ద గుండెపోటని తేలాక 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని తెరిచే చికిత్స) అందేలా ఉంటే అదే చేయాలని, లేదంటే గడ్డ కరిగించే మందు ఇవ్వాలని ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకని ఛాతీలో నొప్పి రాబోయే పౌరులు కనీసం రెండు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకుని, ఆస్పత్రి ఉన్న వీధిలో గది తీసుకోవాలి. సెలవు రోజుల్లో నొప్పి తెచ్చుకోకూడదు. ఎడమ చేయి లాగుతోందని చివరి నిమిషంలో చెబితే దరఖాస్తు చెల్లదు.

పల్లెవాసికి ఈ పథకంలో సగం ఇప్పటికే అమల్లో ఉంది. మిగిలిన సగానికి అంబులెన్సు రావాలి, అది వచ్చే రోడ్డుండాలి, ఆ రోడ్డు చివర డాక్టరుండాలి. ఇవి చిన్న చిన్న సాంకేతిక ఇబ్బందులు గనక ఒక కమిటీకి అప్పగిస్తే సరిపోతుంది.

అధ్యక్షత వహించడానికి నేను సిద్ధం. సమావేశాలు మాత్రం గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టండి. మా లిఫ్టు రిపేరులో ఉంది.