ఆటలో కారు సరే, షెడ్డు ఏదీ?

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా కాసేపు నిలబడండి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని మేస్త్రీ కళ్లు మూసుకుంటాడు. "బేరింగు కొడుతోంది, విప్పరా" అంటాడు. అడక్కముందే పిల్లాడు పానా అందిస్తాడు. బెంజి సర్కిల్ దాటడానికి వాడేవాడికి కారొక వాహనం. ఇక్కడ అదే రోజంతా చేసే పని.

బొమ్మ మనుషులకి ఇల్లు కట్టి, వాళ్ల రోజువారీ బతుకు నడిపించే కంప్యూటర్ ఆట 'ది సిమ్స్ 4' ఆడేవాళ్లు ఏళ్ల తరబడి కార్లు కావాలంటున్నారు. 2014లో వచ్చిన ఆ గేమ్‌లో 2019లో సైకిళ్లిచ్చారు, అంతే. దీనికి కారణం ఆట కట్టుబడిలోనే ఉంది. అందులో ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి వెళ్లాలంటే మధ్యలో ఆట ఆగి, కొత్త చోటు సిద్ధమయ్యేదాకా లోడింగ్ తెర పడుతుంది. రెండింటి నడుమ రోడ్డే లేనప్పుడు కారెక్కి ఎటు పోతాం? 2009 నాటి 'సిమ్స్ 3'లో ఊరంతా ఒకే ముక్క కాబట్టి కార్లు హాయిగా తిరిగాయి. ఆ హాయి ఖరీదు మన కంప్యూటర్లు నెమ్మదించి చెల్లించాయనుకోండి. కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2025 మార్చిలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తి కాకముందే ఆడుకోమని వదిలిన ఇలాంటి ఆటే 'ఇన్‌జోయ్'లో స్టీరింగ్ ఆటగాడి చేతికే ఇచ్చారు. చూడముచ్చటగానే ఉంది. కానీ రెండు చక్కర్లు కొట్టాక ఏం చేయాలి?

నా మటుకు అసలు చిక్కు రోడ్డు కాదు. కారుని వాహనాల ఖాతాలో, చేతిపనిని హాబీల ఖాతాలో విడివిడిగా రాసుకోవడమే చిక్కు. ఈ రెంటినీ కలిపిన పని ఒకటి 2008లోనే జరిగింది. 'సిమ్స్ 2'కి వచ్చిన 'ఫ్రీటైమ్' అనే అదనపు ప్యాక్‌లో తుప్పు పట్టిన డొక్కు కారు కొని ఇంటి ముందు పెట్టుకోవచ్చు. రోజుకింత బాగు చేస్తూ పోతే కళ్లెదుటే రూపం మారుతుంది, చివరికి నడుస్తుంది. ఆ ప్యాక్‌లోని 10 హాబీల్లో ఒకదాని పేరు టింకరింగ్. సొట్టలు తీసే పనికి మన షెడ్డుల్లో అనే మాటా అదే! వాళ్లకి ఆటోనగర్ సంగతి తెలిసి పెట్టి ఉండరు గానీ, పేరు మాత్రం అతికినట్టు కుదిరింది.

2025 మార్చిలోనే 'సిమ్స్ 4'కి 'బిజినెసెస్ అండ్ హాబీస్' అనే ప్యాక్ వచ్చింది. కుండలు చేయడం, పచ్చబొట్లు వేయడం అందులో ముఖ్యమైనవి. మంచిదే. అయితే ఈ ఆటలో చాలా నైపుణ్యాలకి 10 మెట్లుంటాయి. గీత నిండుతుంది, మెట్టు పెరుగుతుంది, మనం చూస్తూ కూర్చుంటాం. కొండపల్లిలో బొమ్మ చేసే ఇంటికెళ్తే పని ఇలా సాగదు. తెల్లపొణికి కర్ర ముందు ఆరాలి. చెక్కిన ముక్కల్ని చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాలి. మక్కు ఆరకుండా రంగు జోలికి పోకూడదు. ఆగాల్సిన చోట ఆగడం కూడా అక్కడ పనితనమే. ఆటలో ఆగడమంటే వేగం బొత్తాం నొక్కి గంటలు పరుగెత్తించడం.

కష్టమంతా పెడితే ఆట ఎవరాడతారని అడగొచ్చు. ఆఫీసు నుంచొచ్చి మళ్లీ గ్రీజు పూసుకోవాలా అని మా బావమరిది అననే అన్నాడు. నిజమే, బోల్టు బోల్టూ బిగించమని నేనూ అనను. మూడు నాలుగు నిర్ణయాలు చాలు. పాత సామానుతో సరిపెడతావా, కొత్తది కొంటావా? లప్పం ఆరకముందే పెయింట్ కొట్టి పొక్కులు తెచ్చుకుంటావా? పక్కింటి కుర్రాణ్ణి పిలిచి పని నేర్పిస్తావా?

మా నాన్నగారి పాత స్కూటర్ వానాకాలం పొద్దున్నే మొరాయించేది. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్ది, బండిని ఓ పక్కకి వంచి, నాలుగు కిక్కులు కొడితే గానీ కదిలేది కాదు. అయిదో కిక్కుకి బండి అందుకున్నప్పుడు వీధి అరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా నవ్వేవాడు. ఆ అయిదో కిక్కు ఉన్న ఆట వస్తే, లోడింగ్ తెర పడ్డా కొంటాను.