ఆర్డ్ మీటింగ్‌కి ఒక్కరే వెళ్ళకండి

మా వాడికి ఐదేళ్ళు రాబోతుంటే స్కూల్లో ఒక మాటన్నారు. ఇంట్లో రెండు భాషలు నడుస్తున్నాయి కదా, అందుకే మాటలు లేటు, తెలుగు ఆపేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, కొన్నాళ్ళు చూద్దాం అని. మేం నమ్మాం, టీచరు చెప్పాక ఎదురు చెప్పే అలవాటు మన ఇళ్ళల్లో లేదు కదా. అప్పటిదాకా వీడియో కాల్‌లో అమ్మమ్మ కనపడితే "మమ్మ, బువ్వ" అనేవాడు, ఆ రెండు మాటలూ పోయాయి. పద్నాలుగు నెలల తర్వాత బయట డాక్టర్‌కి చూపిస్తే ఆటిజం అన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు లేటవడమంటూ ఉండదు, అమ్మమ్మతో తెలుగులోనే మాట్లాడనివ్వండి అని కూడా ఆవిడే చెప్పారు. ఆ రోజు పార్కింగ్‌లో నేనూ మా ఆయనా కార్లో కూర్చుని చాలాసేపు కదల్లేదు.

ఆ పద్నాలుగు నెలలూ మా చేతిలో ఒక హక్కు ఉంది. అది మాకు తెలీదు, తెలిసినవాళ్ళు పక్కన లేరు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నా. ఆర్డ్ మీటింగ్ అంటే టెక్సస్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లాడికి ఏం సాయం ఇవ్వాలో స్కూలువాళ్ళూ తల్లిదండ్రులూ కూర్చుని తేల్చే మీటింగ్.

మా టెక్సస్‌లో "మా పిల్లాడికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ చెయ్యండి" అని, అంటే వాడికి ప్రత్యేక సాయం కావాలో లేదో పరీక్షించమని, ప్రిన్సిపాల్‌కి రాసి ఇస్తే 15 స్కూల్ రోజుల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ జవాబివ్వాలి, చేస్తామని చెప్పాలి, లేదా ఎందుకు చెయ్యరో కాగితం మీద ఇవ్వాలి. మనం ఒప్పుకుని సంతకం పెట్టాక 45 స్కూల్ రోజుల్లో రిపోర్ట్ రావాలి. ఈమెయిల్ కూడా రాసినట్టే. కానీ నోటితో అడిగితే ఈ రోజుల లెక్క మొదలవదు, మేమేమో నోటితో ఆరుసార్లు అడిగాం! పిల్లాడి ఇంటి భాషలో కూడా పరీక్షించాలని, ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడాన్నే వైకల్యంగా లెక్కెయ్యకూడదని ఫెడరల్ చట్టంలోనే ఉంది.

వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఆ చట్టం 1975లో వచ్చింది, ఇప్పుడు ఐడియా (IDEA) చట్టం అంటున్నాం. అంతకుముందు ఇలాంటి పిల్లల్ని మేం చేర్చుకోం అని స్కూళ్ళు మొహం మీదే చెప్పేవి. పెన్సిల్వేనియాలో, వాషింగ్టన్ డీసీలో తల్లిదండ్రులు కోర్టుకెళ్ళి గెలిచాకే కాంగ్రెస్ కదిలింది. చట్టం వచ్చాక కూడా పోరాటం ఆగలేదు. కొలరాడోలో ఆటిజం ఉన్న ఎండ్రూ అనే అబ్బాయి ఐఈపీలో, అంటే స్కూలు ఆ పిల్లాడి కోసం రాసే చదువు ప్లాన్‌లో, ఏటా దాదాపు అవే గోల్స్ తిప్పి తిప్పి రాస్తుంటే అమ్మానాన్నా విసిగిపోయి ప్రైవేట్ స్కూల్లో వేసి ఆ ఫీజు మీరే కట్టండి అని డిస్ట్రిక్ట్ మీద కేసేశారు, కింది కోర్టులు పిల్లాడికి ఏదో కాస్త లాభం ఉంటే చాలు అన్నాయి, చివరికి 2017లో సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా అది చాలదు, ఆ పిల్లాడి పరిస్థితికి తగ్గ ఎదుగుదల ఉండేలా ప్లాన్ ఉండాలి అన్నారు. ఇవాళ మనం మీటింగ్‌లో "పోయినేడు గోలే మళ్ళీ ఎందుకు రాశారు" అని అడగగలుగుతున్నామంటే ఆ ఇంటివాళ్ళ పుణ్యమే.

మా రాష్ట్రం సంగతి కూడా చెప్పాలి. 2004 నుంచి టెక్సస్ విద్యాశాఖ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్నవాళ్ళు మొత్తం పిల్లల్లో 8.5 శాతం దాటితే డిస్ట్రిక్ట్‌కి మైనస్ మార్కు పడేలా ఒక లెక్క పెట్టుకుంది. 2016లో హ్యూస్టన్ పత్రిక బయటపెట్టేదాకా చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. 2017లో అలాంటి లెక్కని నిషేధిస్తూ చట్టం చేశారు, 2018 జనవరిలో అది చట్టవిరుద్ధమని ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. ఈలోగా ఎంతమంది పిల్లలు పెద్దవాళ్ళైపోయారో.

మనవాళ్ళకి ఇంకో భయం, వీసా. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాం, అడిగితే ఏమవుతుందో అని. ఏమీ కాదు. పబ్లిక్ స్కూల్లో చదువుకోడానికి కాగితాలు లేని పిల్లలకి కూడా హక్కుందని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అది మన డాలస్‌కి గంటన్నర దూరంలో ఉన్న టైలర్ ఊరి కేసు. నలుగురికీ తెలిస్తే ఎలా అనేది రెండో భయం. ఆ నలుగురిలో ఇద్దరి ఇళ్ళల్లో ఇదే బాధ ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పిల్లలు పెద్దయినవాళ్ళకి ఒక మాట. 18 నిండగానే ఆ హక్కులు పిల్లల పేరు మీదకి మారతాయి. అందరూ గార్డియన్‌షిప్ తీసుకోండి అంటారు, అంటే కోర్టు ద్వారా బిడ్డ నిర్ణయాలు వాళ్ళ దగ్గర్నుంచి తీసేసుకోవడం. కొందరికి అది తప్పకపోవచ్చు. కానీ నిర్ణయం బిడ్డదే, మనం సాయం మాత్రమే చేస్తాం అనే ఒప్పందాన్ని 2015లో చట్టం చేసిన మొదటి రాష్ట్రం టెక్సస్సే. ముందు అది అడగండి.

ఇప్పుడు ఇక్కడి మన తెలుగు సంఘాల దగ్గరికొస్తా. నేను వెళ్ళిన ప్రతి కన్వెన్షన్‌లో ఇమిగ్రేషన్ లాయర్ ఉన్నారు, టాక్స్ సెమినార్ ఉంది, పెళ్ళి సంబంధాల మీట్ ఉంది. ఈ పిల్లల చట్టం గురించి ఒక్క టేబుల్ లేదు. వికలాంగుల హక్కుల కోసం ఉచితంగా వాదించే సంస్థ ప్రతి రాష్ట్రంలో ఉండాలని ఫెడరల్ చట్టమే చెప్తోంది, మా దగ్గర డిసెబిలిటీ రైట్స్ టెక్సస్ ఉంది, వాళ్ళని పిలిచి ఒక గంట ఇవ్వచ్చు. మన సంఘాలు ఇండియాలో సొంతూళ్ళలో స్కూలు బిల్డింగులు కట్టిస్తున్నాయి, చాలా సంతోషం, కానీ ర్యాంప్, వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఉన్నాయా అని చెక్ రాసే ముందే అడగాలి. అక్కడ వికలాంగుల హక్కుల కోసం 2016 చట్టం ఉంది. హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని డిసెబిలిటీ స్టడీస్ సెంటర్ ఇచ్చిన రిపోర్ట్ చూశాకే 2024 నవంబర్‌లో భారత సుప్రీంకోర్టు ఈ సౌకర్యాల రూల్స్ సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యాలి అంది.

అన్నిటికంటే ముందు కావాల్సింది మనిషి తోడు. ఆర్డ్ మీటింగ్‌లో బల్లకి అటువైపు ఏడెనిమిది మంది కూర్చుంటారు, ఇటువైపు ఒక్క తల్లి. పిల్లాడి గురించి తెలిసినవాళ్ళని, ఈ విషయం తెలిసినవాళ్ళని వెంట తెచ్చుకునే హక్కు తల్లిదండ్రులకి ఉంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే స్కూలే ఏర్పాటు చెయ్యాలి. ఒప్పుకోకపోతే ఒప్పుకోవట్లేదు అని టిక్ పెట్టొచ్చు, పది స్కూల్ రోజుల్లోపు మళ్ళీ కూర్చోవచ్చు. అక్కడికక్కడ సంతకం పెట్టెయ్యాలని ఎక్కడా లేదు.

మా వాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. అమ్మమ్మకి ఫోన్ చేసి "బువ్వ తిన్నావా" అని వాడే అడుగుతున్నాడు. డాలస్ చుట్టుపక్కల ఎవరికైనా ఆర్డ్ మీటింగ్ ఉంటే సంఘం ఆఫీసులో నా పేరు చెప్పి కబురు పెట్టండి. పొద్దున్నే ఏడున్నరకి పెట్టినా వస్తా, నోట్‌బుక్ నేనే తెచ్చుకుంటా.