బ్రేకు పట్టలేదంటే ‘జనరల్ చెకప్’ అని రాస్తారా?

మా బల్ల మీద ఒక జాబ్ కార్డు ఉంది. చిత్తూరు జిల్లాలో మామిడి తోట ఉన్న ఒక రైతు మొన్న తెచ్చి పెట్టి వెళ్లిన కాగితం అది. కొత్తగా కొన్న హైబ్రిడ్ పికప్‌ను చూపించడానికి తీసుకెళ్తే సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చారు. ఆయన అక్కడ చెప్పింది ఇదీ: పలమనేరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగుతుంటే బ్రేకు పట్టలేదు, పెడల్ లోపలికి వెళ్లిపోయింది, రెండోసారి బలమంతా పెట్టి తొక్కితే పట్టింది. ‘కస్టమర్ చెప్పిన సమస్య’ అనే గడిలో వాళ్లు రాసింది రెండే మాటలు: జనరల్ చెకప్. ‘గమనించిన లోపం’ దగ్గర ఒక అడ్డగీత. ‘వాటర్ వాష్ ఉచితం’ పక్కన మాత్రం శ్రద్ధగా టిక్కు పెట్టారు.

‘కాణిపాకంలో ప్రమాణం చేసి చెబుతా సార్, నేను తాగీ లేను, నిద్రపోనూ లేదు’ అన్నారాయన. పక్క సీట్లో భార్య, వెనక నర్సరీ మొక్కలు, ముందు సిమెంటు లారీ. ఆ లారీకి, తన బండికి మధ్య మిగిలిన జాగా ఎంతో రెండు చేతులు చాచి చూపించారు. ఇదంతా విన్న సర్వీస్ అడ్వైజర్ ఇచ్చిన జవాబు: ‘మీకు హైబ్రిడ్ అలవాటు లేదు సార్, పోనుపోనూ అదే అలవాటైపోతుంది.’

ఆయన వెళ్లాక అదే బండి కొన్న మరికొందరితో మాట్లాడాం. ఒకాయనకు హైవే మీద లారీని దాటబోతుండగా పవర్ పడిపోయింది. ఇంకొకాయనకు వానలో తిరిగొచ్చాక డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, బండి కదలలేదు. ఒకరి కార్డు మీద ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అని ఉంది, మరొకరి కార్డు మీద మళ్లీ అదే జనరల్ చెకప్. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. బండిలో లోపం ఉందో లేదో తేల్చేది మేము కాదు. తేల్చాల్సిన వాళ్ల దాకా మాట చేరకుండా షోరూం గుమ్మంలోనే పాతిపెడుతున్నారు, మా కోపం దాని మీద.

కొత్త టెక్నాలజీ కాబట్టి చిన్నచిన్న చిక్కులు తప్పవని, నడిపేవాళ్లకు తెలియక కూడా కొన్ని ఫిర్యాదులు వస్తాయని డీలర్లు అంటున్నారు. వస్తాయి, కాదనం. ఏది లోపమో ఏది తెలియనితనమో విడదీయాలన్నా ముందు చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా?

హైబ్రిడ్ బ్రేకు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మామూలు బండిలో పెడల్ తొక్కితే ప్యాడ్లు పట్టుకుంటాయి, అంతే. హైబ్రిడ్‌లో ముందు మోటారే జనరేటరుగా మారి, బండి వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలోకి పంపుతుంది. మిగతా పని హైడ్రాలిక్ బ్రేకులది. దేని వంతు ఎంతో క్షణక్షణం కంప్యూటర్ పంచిపెడుతుంది. చదునైన రోడ్డు మీద ఇదంతా హాయిగా సాగిపోతుంది, పెట్రోలూ మిగులుతుంది. పొడుగాటి ఘాట్ దిగేటప్పుడు మాత్రం బ్యాటరీ నిండుతుంది. నిండిన బ్యాటరీ ఇక కరెంటు తీసుకోదు. అప్పుడు భారమంతా ప్యాడ్ల మీదికి మళ్లాలి, ఆ మళ్లడం కాలికి తెలియకుండా జరిగిపోవాలి. ఈ రైతు బండిలో జరిగింది అదేనని మేము తీర్పు చెప్పడం లేదు. కానీ బ్రేకు ఇబ్బంది పెట్టింది ఘాట్‌లో అని మనిషి నోరు తెరిచి చెప్పాక, బండిని ఘాట్‌కు తీసుకెళ్లి చూడొద్దా? టెస్ట్ డ్రైవ్ ఎక్కడ చేశారని ఆయన అడిగితే ‘బైపాస్ మీద’ అన్నారట.

మన ఘాట్లంటే ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో ఇదే మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నాయి. ఈ రోడ్ల మీద బ్రేకు ‘ఒక్క క్షణం’ పట్టలేదంటే ఆ క్షణం ఎంత పొడుగో షోరూంలో ఏసీ కింద కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు.

జాబ్ కార్డు మీద రెండు మాటలకు ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు చట్టం ఒకసారి చూడాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ తెచ్చారు. ప్రమాదకరమైన లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు బండ్లకు ఇది వర్తిస్తుంది, జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా. కానీ ఆ ఆదేశం ఊరికే రాదు. ఫిర్యాదులు ఇన్ని రావాలని లెక్క పెట్టారు. ఏడాదికి 10 వేలకు పైగా అమ్ముడయ్యే కార్లు, ఎస్‌యూవీలకైతే 1,250 ఫిర్యాదులు. అంటే చట్టం మొత్తం నిలబడింది లెక్క మీద. బ్రేకు పట్టలేదన్న మాట ‘బ్రేకు’ అని రాస్తే లెక్కలో ఒకటి పెరుగుతుందన్న ఆశైనా ఉంటుంది. ‘జనరల్ చెకప్’ అని రాస్తే సున్నా. తిరుపతిలో సున్నా, కడపలో సున్నా, నెల్లూరులో సున్నా. అన్ని సున్నాలూ కూడి ఢిల్లీకి పెద్ద సున్నా చేరుతుంది. ‘మా బండి మీద భద్రతా ఫిర్యాదులు లేవు’ అని కంపెనీ చెప్పుకోవడానికి ఇంకేం కావాలి?

తనంతట తానే లోపం ఉందని ప్రభుత్వానికి చెప్పి బండ్లను వెనక్కి పిలిచే కంపెనీకి ఆ జరిమానా ఉండదని కూడా అదే చట్టం చెబుతోంది. ఇంత మర్యాద ఇచ్చినా దాచిపెట్టేవాళ్లను ఏమనాలి?

మాటలు మార్చి రాసే ఈ విద్య మనవాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కథ చూడండి. చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ దానంతట అదే జారిపోయి, నడుస్తున్న బండి ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీలో కొందరికి ఏళ్ల తరబడి తెలుసు. 2014 దాకా బండ్లను వెనక్కి పిలవలేదు. చివరికి ఆ స్విచ్ వల్ల 124 మంది చనిపోయారని పరిహారం ఇచ్చేటప్పుడు తేలింది. దర్యాప్తులో బయటపడిన కాగితాల్లో ఒక శిక్షణ పాఠం ఉంది, 2008 నాటిది. నివేదికల్లో ఏ మాటలు వాడకూడదో అందులో ఉద్యోగులకు నేర్పారు. ‘లోపం’ అని రాయొద్దు, ‘డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు’ అని రాయండి. ‘సమస్య’ అనొద్దు, ‘పరిస్థితి’ అనండి. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. చిత్తూరులో ఈ జాబ్ కార్డు రాసిన కుర్రాడు ఆ పాఠం చదివి ఉండడు. పైనుంచి ఎవరో ఒకరు అతనికీ అదే నేర్పారు. నేర్పలేదంటారా, మరి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చేతిరాతల్లో ఒకే మాట ఎలా వచ్చింది?

హైబ్రిడ్ పికప్ కథ కూడా అక్కడిదే ఒకటుంది. ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్‌లో ఇంజను దెబ్బతింటే ఆయిలు, పెట్రోలు ఆవిర్లు బయటికొచ్చి మంటలు లేచే ప్రమాదం ఉందని 2022లో, అదే ఇంజనున్న మరో రెండు మోడళ్లతో కలిపి లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు. మరమ్మతు అంటే ఇంజను మార్చడమేమీ కాదు, కింద ఉన్న కవచాన్నీ ముందున్న గ్రిల్ షట్టర్‌నూ కాస్త మార్చడం, అంతే! అది చాలలేదని 2023లో మళ్లీ 1.25 లక్షల బండ్లను పిలవాల్సి వచ్చింది. అక్కడి కంపెనీలు మనవాటికంటే పుణ్యాత్ములేమీ కాదు. తేడా ఒక్కటే. అమెరికాలో బండి యజమాని తన ఫిర్యాదును నేరుగా ప్రభుత్వ సంస్థకు తన మాటల్లోనే రాస్తాడు, దాన్ని దేశమంతా చదవొచ్చు. షోరూం వాడు మధ్యలో కూర్చుని పేరు మార్చలేడు.

మనకూ అలాంటి ఏర్పాటు ఉంది. కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో రీకాల్ (లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించడం) ఫిర్యాదులకు చోటుంది. ఎంతమందికి తెలుసు? మా విలేకరి వెళ్లిన షోరూం గోడ మీద ఫైనాన్స్ ఆఫర్ ఉంది, ఎక్స్ఛేంజ్ బోనస్ ఉంది, బండి తాళం పెద్ద అట్టముక్కలా చేసి దండలేసి దిగిన కుటుంబాల ఫోటోలున్నాయి. ఈ ఒక్క ముక్క లేదు. డెలివరీ రోజు టైరు కింద నిమ్మకాయ పెట్టడం మరిచిపోనివాళ్లు ఇది మాత్రం మరిచిపోయారు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. కొన్న ధర 50 లక్షల లోపైతే, ఉన్న ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. బండి గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో 2022లో సుప్రీంకోర్టు కొన్నవాడి పక్షానే నిలిచింది. ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దితే అవి తెరుచుకుంటాయో లెక్కగట్టుకుని ఎవడూ కారు కొనడని తేల్చింది. అయితే కమిషన్‌లో గెలిస్తే ఒక రైతుకు న్యాయం జరుగుతుంది, అదీ ఏళ్లు తిరిగాక. అదే బండిలో రేపు తెల్లవారుజామున పిల్లలతో తిరుమల ఘాట్ దిగేవాడికి ఆ గెలుపు ఏం చేస్తుంది? పైగా కమిషన్ ముందు పెట్టడానికి ఉన్న కాగితం ఏమిటి? జనరల్ చెకప్.

ఇప్పుడు ఊరుకుంటే ఇదే పద్ధతైపోతుంది. హైబ్రిడ్లు, ఎలక్ట్రిక్ బండ్లు ఇంకా వస్తాయి, రావాలి కూడా. బ్యాటరీలు తయారయ్యే జిల్లా ఇది. పక్క తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ నుంచి పికప్‌లు బయటికొస్తున్నాయి (మనం మాట్లాడుతున్న బండి అక్కడిది కాదు, అపార్థం వద్దు). తొలి బండ్ల ఫిర్యాదులను ఏ గడిలో ఎలా రాస్తే ఇబ్బంది ఉండదో ఒక కంపెనీ కనిపెట్టి చూపిస్తే, రెండో కంపెనీ, పదో కంపెనీ అదే కార్డు అచ్చేయించుకుంటాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో ఏం జరిగింది? పక్కనే వేలూరులో 2022 మార్చిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని తండ్రీ కూతురూ పొగకు ఉక్కిరిబిక్కిరై పోయారు. తర్వాతి నెల విజయవాడలో ఇంట్లో పెట్టిన బ్యాటరీ పేలింది. ఆ తర్వాతే బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించారు. ఫిర్యాదులు లెక్కపెట్టని చోట శవాలు లెక్కపెట్టాల్సి వస్తోంది.

రవాణా శాఖ అధికారులకు ఒక మాట. రైతు ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు లేకపోతే మీకు అర కిలోమీటరు నుంచే కనబడుతుంది. పదేళ్ల ఆటోకు ఎఫ్‌సీ ఇచ్చేటప్పుడు బ్రేకు తొక్కి మరీ చూస్తారు. షోరూం నుంచి దిగిన బండి బ్రేకు పట్టలేదని మనిషి చెబుతుంటే మాత్రం అది మీ పరిధి కాదంటున్నారు. చిత్తూరులో ఒకరోజు, తిరుపతిలో ఒకరోజు కూర్చోండి. ఈ మోడల్ యజమానులను పిలవండి. ఛాసిస్ నంబరుతో సహా ఎవరు చెప్పింది వాళ్ల మాటల్లోనే తెలుగులో రాయించి, పోర్టల్‌లో మీరే ఎక్కించండి. ఒక బండిని మొగిలి ఘాట్ కింది దాకా దింపి చూడండి, సర్వీస్ అడ్వైజర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని.

ఇక షోరూం వాళ్లకు. ఈ రైతు వచ్చే వారం మళ్లీ మీ దగ్గరికి వస్తున్నారు. ఈసారి కార్డు మీద ‘బ్రేకు పట్టలేదు’ అని రాసేదాకా సంతకం పెట్టనని చెప్పి మరీ వెళ్లారు. రాయండి. పెన్ను లేకపోతే మేము పంపిస్తాం. వాటర్ వాష్ అక్కర్లేదట.